ఆదివారం పోసిన సీరం

“తినక్కా. ఈ గొప్పలో సగం నీది,” అంటూ పరిశోధన నడిపే మేడమ్ కేకు ముక్క చేతిలో పెట్టింది. ల్యాబ్ అసిస్టెంటు దాన్ని తినకుండా పక్కన పెట్టింది.

పదిహేనేళ్లుగా ఆమె పని మనిషి కణాలను డిష్‌లలో పెంచడం. వాటిలోకి దూరే పరాన్నజీవి మహా గడుసుది. తనకు కావలసిన కొవ్వు తాను చేసుకోలేదు. చుట్టంలా వచ్చి చేరి, కణం దాచుకున్న కొవ్వంతా లాక్కుని సంతానం పెంచుకుంటుంది. కొవ్వు అందకపోతే చస్తుందని మేడమ్ నమ్మకం. అది తేల్చడానికి కిందటేడు ఆ పరాన్నజీవి ఉన్న ఆరు డిష్‌లకు, కణాలకు తిండిగా పోసే సీరంలో కొవ్వు తీసేసినదే పోయమంది.

ఆ ఆదివారం డిష్‌లు చూడ్డానికి వెళ్లిన ఆమె మైక్రోస్కోపు ముందు నిలవలేకపోయింది. కణాలు వడలి ముడుచుకుపోయి ఉన్నాయి. ఇంట్లో పిల్లికి పెట్టకుండా తాను ముద్ద ఎత్తని మనిషి. వచ్చిపడిన చుట్టం మీద కోపంతో ఇంటివాళ్ల కడుపు మాడ్చడం న్యాయమేనా అని దేవుణ్ణి అడిగింది. ఆయన పలకలేదు. సరేనన్నాడనుకుని ఆరింటికీ మామూలు సీరం పోసేసింది.

సోమవారం చెప్పేద్దామనే వచ్చింది. అప్పటికే మేడమ్ డిష్‌లను బ్లీచులో పడేసి, ఫలితాలు పైకి పంపేసింది. పదింట తొమ్మిది పరాన్నజీవులు చచ్చాయట. అందరూ చప్పట్లు కొడుతుంటే తానూ కొట్టింది. తాను పోసింది చాలలేదేమోనని సర్దిచెప్పుకుంటూ ఏడాది నెట్టుకొచ్చింది.

ఇప్పుడు ఆ ఫలితాలను నమ్మి, రేపటినుంచి ఆసుపత్రిలో ఆ పరాన్నజీవి సోకిన నలభై మంది రోగులకు పాత మందు మాన్పించి, కొవ్వు అందకుండా చేసే మందొక్కటే ఇస్తారట. కేకు అందుకే.

అందరూ వెళ్లాక ఆమె మేడమ్ గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసింది.

“నన్ను పనిలోంచి తీసేయండి మేడమ్. ముందు ఆ మందు ఆపించండి. ఆ ఆదివారం నేను డిష్‌లకు మామూలు సీరం పోశాను.”

“ఎన్నింటికి?”

“ఆరింటికీ. కడుపునిండా.”

మేడమ్ కుర్చీలో కూలబడింది. అసిస్టెంటు తిట్ల కోసం ఎదురుచూసింది.

“పాపం నాదే. కానీ ఒక్కటి నాకు అంతుబట్టలేదు మేడమ్. అంత తిండి దొరికాక అవి బతకాలి కదా, ఎలా చచ్చాయి?”

మేడమ్ ఫోను తీసి ఆసుపత్రి నంబరు నొక్కింది. అవతల మోగుతుండగా, తలెత్తకుండానే అంది:

“ఆ డిష్‌లు నేను చూడలేదక్కా.”