వండిపెట్టినోళ్లు

తారవ్వ రెండు గ్లాసుల్లో చాయ్ పోసి, ముందు తాను ఒక గుక్క తాగి, అప్పుడు రెండో గ్లాసు శ్రీధర్ ముందుకు జరిపింది.

"ఏమనుకోకు బిడ్డ. మా తండాల వండినోళ్లే ముందు నోట్లె పెట్టుకుంటరు. మా అమ్మ పెట్టిన రివాజు."

శ్రీధర్ నవ్వి గ్లాసు అందుకున్నాడు. చరిత్ర లెక్చరర్‌గా ఇంతకంటే వింత ఆచారాలు చాలానే చూశాడు. బడి పుస్తకాల్లో ఆడవాళ్లను ఎలా చూపించారో పరిశీలించే కమిటీ పని మీద నర్మెట్ట దాటి ఇంత దూరం వచ్చాడు. పాఠంలో ఈ తండా గురించి ఉన్నది ఒకే వాక్యం. దొర మీద మగవాళ్లు తిరగబడ్డారట, ఆడవాళ్లు వండిపెట్టారట. అది చదివినప్పుడల్లా అతనికి ఒళ్లు మండేది. ఆనాటివాళ్లలో మిగిలింది తొంభైకి దగ్గరపడ్డ ఈ అవ్వ ఒక్కతే.

ఆ వాక్యం మార్పిస్తానన్నాడు.

"ఎందుకు? ఉండనియ్యి. వండిపెట్టినం, నిజమే గదా."

ఎన్ని విధాల అడిగినా అదే మాట. తండా జనమంతా మిరపకాయ ఏరడానికి పోయారు. చుట్టూ ఇళ్లన్నీ తాళాలే.

తిని పొమ్మని అవ్వ పొయ్యి ముట్టించింది. జొన్నరొట్టెలు కాలుతుంటే శ్రీధర్ తన కడుపులో మాట చెప్పాడు. వాళ్ల తాత దొర గడీలో పనిచేసేవాడు. ఈ తండా మీద పడ్డ గుంపుతో వచ్చి, మళ్లీ ఇల్లు చేరలేదు. శవం కూడా దొరకలేదు. నాయనమ్మ చచ్చేదాకా బొట్టు తీయలేదు. చంపిందెవరో తెలిస్తే పేర్లతో సహా పుస్తకంలోకి ఎక్కిస్తానన్నాడు.

రొట్టె తిప్పుతున్న అవ్వ చెయ్యి ఆగింది.

"ఒక్కనివే వచ్చినవా బిడ్డ?"

అవునన్నాడు. ఆమె లోపలికి పోయి, చాలాసేపటికి కారం గిన్నెతో వచ్చింది. రెండు పళ్లేల్లో వడ్డించి ఎదురుగా కూర్చుంది. శ్రీధర్ ఆకలి మీదున్నాడు. రొట్టెన్నర తినేదాకా తలెత్తలేదు.

"చంపింది మీ మగవాళ్లే గదా అవ్వా?"

"మొగోళ్లు ఒక్కలు గూడ లేరు. అందరు అడివిల దాగిన్రు. వచ్చినోళ్లు ఇండ్లు కాలవెట్టిన్రు, మమ్ముల కొట్టిన్రు. అటెన్క ఆకలైతుందన్నరు."

"మరి?"

"మేమే వండిపెట్టినం. అప్పటిసంది మా చేతి బువ్వ తినాలంటే సుట్టాలు గూడ జంకిన్రు. గందుకే అమ్మ ఆ రివాజు పెట్టింది."

శ్రీధర్ నోట్లో ముద్ద అక్కడే ఆగిపోయింది. అవ్వ పళ్లెం వైపు చూశాడు.

ఆమె ఇంకా రొట్టె తుంచలేదు.