పాస్టరు కోసం పిస్తోలు

"ఇదీ వద్దు," అంది వెల్డా, పిస్తోలు బల్ల మీద పెట్టి మూతి ముడుచుకుంటూ.

కొట్టు వెనక పెరట్లో, మట్టిగట్టు ముందు నిలబెట్టిన అట్ట వంక డ్వేన్ కళ్ళు చికిలించి చూశాడు. నల్ల చుక్క నడిమధ్య మూడు చిల్లులు, ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. గురి కుదిరిందని అలిగే మనిషిని ఏ తుపాకుల కొట్టువాడూ చూసి ఉండడు.

"దీనికేం తక్కువండీ, మిస్ వెల్డా? బ్రెజిల్‌ది. పాతదైనా చవక రకాల్లో ఇంత నిక్కచ్చిగా కొట్టేది దొరకడం కష్టం."

"పిడి జారుతోంది నాయనా."

జారేదీ లేదు, గీరేదీ లేదు. అసలు సంగతి డ్వేన్‌తో చెప్పుకునేది కాదు. ఈ ఏడు వెల్డా మొగుడు ఎమ్మెట్ వేసిన చిక్కుళ్ళన్నీ గ్రౌండ్‌హాగ్ పాలయ్యాయి. తోటలో బొరియ తవ్వుకుని కాపురం పెట్టిన ఆ బొద్దు జంతువును వచ్చే సోమవారం లేపేస్తానని ఎమ్మెట్ దాణా కొట్లో పదిమంది ముందూ ఒట్టేసి వచ్చాడు. భుజానికి ఆపరేషన్ అయిన మనిషి, రైఫిల్ ఎత్తలేడు. "నా పుట్టినరోజుకి పాత పిస్తోలొకటి చవకలో చూసి కొనిపెట్టు. గురి చూడ్డంలో నాకంటే నువ్వే మేలు" అని పెళ్ళాన్ని పంపించాడు.

ఆ గ్రౌండ్‌హాగేమో రోజూ తెల్లవారగానే వంటింటి వెనక గుమ్మానికి వచ్చి, వెనక కాళ్ళ మీద నిలబడి, చేతులు రెండూ పొట్ట మీద కట్టుకుని, ప్రసంగం మొదలుపెట్టబోయే పాస్టరులా చూస్తుంది. వెల్డా దాన్ని పాస్టరు అనే పిలుస్తుంది. ఎమ్మెట్ లేవకముందే రెండు కర్బూజా ముక్కలు పెట్టి పంపేస్తుంది. ఆ రెండు ముక్కలకే అది గుమ్మడికాయలా ఎలా ఊరుతోందో ఆవిడకి అంతుపట్టదు. ఏమైతేనేం, మొగుడి మాట పోకూడదు, పాస్టరు ప్రాణం పోకూడదు. అందుకని ఆవిడకి కావలసింది ఎంత బాగా గురి చూసినా తగలని పిస్తోలు. అలాంటిది ఉందా అని ఏ నోటితో అడుగుతుంది?

డ్వేన్ ఇంకొకటి తీశాడు. గుళ్ళు నింపే మేగజైన్ ఊడదీసి, పైభాగం వెనక్కి లాగి, గుండు కూర్చునే చోట చిటికెన వేలు పెట్టి చూసి, ఖాళీ అని రూఢి చేసుకుని అందించాడు. కళ్ళెదుటే చూసినా వెల్డా మళ్ళీ లాగింది, మళ్ళీ వేలు పెట్టి చూసింది. ఆ ఊళ్ళో కన్నకొడుకు ఇచ్చిన తుపాకీనైనా అలాగే చూసుకుంటారు.

"ఇది టర్కీది," అన్నాడు.

చెవులకు డిప్పలు తగిలించుకుని వెల్డా మూడుసార్లు పేల్చింది. మళ్ళీ మూడూ నల్ల చుక్కలోనే.

"చప్పుడెక్కువ."

"పిస్తోలు కదండీ. లాలిపాట పాడదు."

ఆ తరువాతది ఒహాయోలో పోత పోసింది. ఇస్త్రీపెట్టెకు పిడి బిగించినట్టుంది. దాన్ని చూడగానే వెల్డాకి ప్రాణం లేచి వచ్చింది. ఇంత మోటుగా ఉన్నది తిన్నగా ఏం కొడుతుందిలే అనుకుంది. తీరా చూస్తే అన్నిటికంటే అదే బాగా కొట్టింది.

"అందంగా లేదు," అంది ఉసూరుమంటూ.

"ఎమ్మెట్ గారు మాత్రం అందగాడా ఏమిటండీ? ఇన్నేళ్ళు కాపురం చెయ్యలేదూ?"

"ఆయన అప్పుడప్పుడూ గురి తప్పుతాడు నాయనా. అందుకే నెట్టుకొచ్చాను."

డ్వేన్ గడ్డంలో ఏదో నవ్వు దాచుకున్నాడు. తనను చూసే నవ్వుతున్నాడని వెల్డాకి ఒళ్ళు మండింది గానీ, పాస్టరు గుర్తొచ్చి ఊరుకుంది.

"ఇంకొక్కటుందండీ. చూపించడానికే సిగ్గుగా ఉంది." లోపలికి వెళ్ళి పాత మేజోడులో చుట్టిన పిస్తోలొకటి పట్టుకొచ్చాడు. చేసినవాడి పేరు ఎప్పుడో అరిగిపోయింది. ఒళ్ళంతా నల్లగా, మాసిపోయి ఉంది గానీ, గురి చూసుకునే వెనక సైటు పక్కన మాత్రం ఇత్తడి గీత ఒకటి తళతళలాడుతోంది.

ఇద్దరూ వంతులవారీగా వేలు పెట్టి చూశారు. వెల్డా ఊపిరి బిగబట్టి, ఏ మోసమూ చెయ్యకుండా, చుక్క నడిమధ్యకే గురిపెట్టి మీట నొక్కింది. అట్టకు జానెడవతల మట్టిగట్టులో దుమ్ము లేచింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అక్కడే.

ఆవిడ ముఖం చేటంతయింది.

"ఆహా, పిడి చేతిలో ఎలా ఇమిడిపోయిందో చూడు నాయనా. చప్పుడు కూడా ఎంత మెత్తగా ఉందో."

"అట్టకు తగల్లేదండీ."

"అట్టను కాల్చడానికా కొంటున్నది? కాగితాలు తియ్యి, సంతకం పెడతాను."

లోపలికి వచ్చాక, కలం పట్టుకున్న వెల్డాకి కొత్త అనుమానం పట్టుకుంది. "ఇదిగో, సైటూ గీటూ సర్ది ఇస్తావేమో. ఏం ముట్టుకోకు. ఎలా ఉన్నది అలాగే ఉండాలి."

"ముట్టుకోనండీ. మొన్న ఇత్తడి సుత్తితో ఆ సైటును పక్కకి జరిపింది నేనే."

వెల్డా చెయ్యి సంతకం సగంలో ఆగింది. "ఎవరు జరపమన్నారు?"

"ఎమ్మెట్ గారే. మంచివన్నీ చూపించు, అన్నిటికీ వంక పెడుతుంది, చివర్లో ఇది ఇచ్చావంటే కళ్ళకద్దుకుని తీసుకుంటుంది అన్నారు." డ్వేన్ ఇక నవ్వు దాచుకోలేదు. "మీతో ఇంకో మాట చెప్పమన్నారు. పొద్దున కర్బూజా మీరు, సాయంత్రం కొట్టం వెనక మొక్కజొన్న ఆయన, ఇలా ఇద్దరూ పెడుతుంటే పాస్టరు గారి పొట్ట బొరియలో పట్టడం లేదట, ఒక పూట మానెయ్యమన్నారు."