ఉమ్మేసే కాఫీ

డాక్టరు నా చేత కాఫీ మాన్పించి ఏడాదైంది. అలాంటి నన్ను, సెలవులకి ఇంకో చోటే దొరకనట్టు, మా కోడలు కాఫీ తోటల కొండకి తీసుకొచ్చింది. పళ్లూడినవాడికి చెరుకుగడ బహుమతిచ్చినట్టు!

పొద్దున్నే మనవలూ వాళ్ల నాన్నా జలపాతం అంటూ పరుగెత్తారు. కోడలు నన్ను తోటలో కాఫీ రుచి చూసే గదికి నడిపించింది. పొడవాటి బల్ల, వరసగా కప్పులు, పక్కన ఖాళీ గిన్నె. ఆ వాసనకే నాకు ప్రాణం లేచొచ్చింది.

"చెంచాతో చప్పుడయ్యేలా జుర్రాలి, నోరంతా తిప్పి గిన్నెలో ఉమ్మెయ్యాలి. మింగకూడదు" అంది అక్కడ రుచులు చూసే అమ్మాయి.

జుర్రాను. ఇంట్లో ఆ చప్పుడుకి మొహం చిట్లించే కోడలి ముందే, "భలే జుర్రారు మామ్మగారూ! మా దగ్గర ఉద్యోగంలో చేరిపోండి" అందా అమ్మాయి.

కోడలు మాత్రం పోలీసులా నా గొంతుకేసే చూస్తోంది, ఎక్కడ గుటక పడుతుందోనని.

"ఎందుకే తల్లీ, ఊరించి చంపడానికా?" అని ఇంకో చెంచా జుర్రాను.

"డాక్టరుగారు తాగొద్దన్నారు గానీ రుచి చూడొద్దనలేదుగా అత్తయ్యా! ఉమ్మెయ్యమని కాఫీ ఇచ్చే చోటు వెతికేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది."

నాకు నోట మాట రాలేదు. నోట్లో కాఫీ ఉంది మరి.

ఆఖరి కప్పు దగ్గర కోడలు హఠాత్తుగా కిటికీకేసి తిరిగింది. "అబ్బ, ఆ మబ్బు ఎంత బాగుందో!" అంటూ అటే నిలబడింది.

గుటక వేశాను.

తరవాత నేనూ చూశాను. ఆకాశంలో మబ్బన్నదే లేదు.