నీళ్ళడగని గులాబి

ఈదమ్మ గడ్డపార ఎత్తేసరికి, మొగుడు బాలస్వామి పరుగెత్తుకొచ్చి గులాబి చెట్టుకు అడ్డంగా కూర్చున్నాడు.

సంఘం దెబ్బకు దొర పట్నం పారిపోయాడు. ఊళ్ళో వెట్టి పోయింది. నీళ్ళు మోసేవాళ్ళు లేక గడీ తోటంతా రోహిణి ఎండకు మాడిపోయింది. ఈ ఒక్క పొద మాత్రం సిగ్గు లేకుండా విరగబూసింది. తోటమాలి బాలస్వామి నాటు గులాబికి సీమ గులాబి పుప్పొడిని కోడి ఈకతో అద్ది, ఏళ్ళ తరబడి తంటాలు పడి పుట్టించిన చెట్టు అది.

"దొర చెట్టు మీద గంత పాయిరమా? లే పక్కకు!" అంది ఈదమ్మ. "నేను ఎండల కుండలు మోస్తాంటె, నువ్వు నీడకు కూసోని పువ్వులకు పెండ్లిళ్ళు చేస్తివి."

"దొర కోసం కాదే! నీళ్ళడగని చెట్టు పుడితె నీ నెత్తి మీది కుండ దిగుతదనుకున్న. గా చెట్టు పూసేలోపల్నే సంఘపోళ్ళు వచ్చి కుండ దించిరి. నేనేం జెయ్యాలె?"

ఈదమ్మ మొగుణ్ణి పక్కకు జరిపింది. తర్వాత మొదలుకు జానెడు ఎడంగా గడ్డపార దించి, వేరు తెగకుండా మట్టిపెళ్ళతో సహా చెట్టును లేపింది.

"మన గుడిసె ముంగట పెడదాం. వేరు పట్టేదాక నీళ్ళు కావాలె గద?"

"కావాలె. వానలు పడేదాక దినాం పొయ్యాలె."

ఈదమ్మ అతని భుజం మీది తువ్వాల లాగి, కుండ కింది కుదురులా చుట్టి, మొగుడి నెత్తిన పెట్టింది.

"బాయికి తొవ్వ ఎరికేనా?" అంది.