గులాబీ రెక్కల కోడిపిల్ల

“ఆఫ్రికాలో తీసేనత్తా ఈ ఫోటో. నన్ను చూసి సింహాలే పక్కకి తప్పుకున్నాయి,” అంటూ ఫోన్ చూపించాను. ఫోటోలో గద్ద కోడిపిల్లను తన్నుకుపోతోంది.

బుల్లమ్మత్త బియ్యం ఏరడం ఆపలేదు. “ఎలమంచిలి దాటనోడివి, ఆఫ్రికా ఎప్పుడెల్లేవురా?”

“మొన్నే. విమానంలో సీటు లేక నిలబడే వెళ్ళేను.”

అత్త ఫోన్ లాక్కుని కళ్ళ దగ్గర పెట్టుకుంది. “ఆఫ్రికాలో కూడా కోడిపిల్లలకి గులాబీరంగు పూత్తారేటి?”

పక్కింటివాటిలో కలిసిపోకుండా తన కోడిపిల్లల రెక్కలకి అత్త పూసే రంగది. వాటిలో ఒకటి కనబడకపోతే, పక్కింటి కొర్లమ్మే కూరొండుకు తినేసిందని అత్త వీధంతా చాటింది. వారంగా ఇద్దరికీ మాటల్లేవు.

“దీపం మీద ఒట్టేసిందిరా కొర్లమ్మ. నేనే నమ్మలేదు,” అంది అత్త. గొంతులో కోపం కూడా లేదు. “ఇంత దగ్గర్నించి తీసేవు. ఒక్క కేకెయ్యలేకపోయేవా?”

“వేట ఫోటోలు తీసేవోళ్ళు అడ్డుపడకూడదత్తా. ఆఫ్రికాలో అదే రూలు.”

“ఇది మన పెరడు కదరా.”

“కేకేత్తే గద్ద వదిలేసేదే,” అన్నాను. “ఫోటో పోద్దని ఊరుకున్నానత్తా.”