చాప కింద మనిషి

తెల్లవారేసరికి లంగి ఇంటి ముందు, ఆమె కూతురి సమాధి పక్కనే, ఒక మనిషి మోకాళ్ళ మీద ఉన్నాడు. తల మీంచి నేల దాకా పట్టులాంటి చాప కప్పుకున్నాడు. ముఖం కనపడదు. వెనక నలుగురు పెద్దలు తలలు వంచుకుని కూర్చున్నారు.

సమోవాలో ఇది ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. చంపినవాడు వచ్చాడు. ఇంటివాళ్ళు చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకుండా చాప మీద కత్తి దింపిన రోజులూ ఉన్నాయి.

నాలుగు నెలల క్రితం తొమ్మిదేళ్ళ ఫెతును ఏదో బండి గుద్ది, ఆగకుండా పోయింది. లంగికి ఉన్నది ఆ ఒక్క పిల్లే.

ఆమెను బతికించింది మాత్రం పాస్టరుగారే. ఐదేళ్ళ క్రితం ఊరంతా కలిసి పిలిచి తెచ్చుకున్న మనిషి. వానైనా ఎండైనా సాయంత్రం ప్రార్థనకు నడిచే వచ్చేవారు. "దేవుడు ఊరికే తీసుకెళ్ళడమ్మా, దానికో అర్థం ఉంటుంది" అనేవారు. ఆ ఒక్క మాట పట్టుకుని లంగి మళ్ళీ పొయ్యి రాజేసింది. పోలీసులను కూడా ఇంక రావద్దంది.

తమ్ముడు సేఫో కొబ్బరితోట కత్తి పట్టుకొచ్చాడు.

"ఎవరట్రా వీళ్ళు?"

"సవాయి దీవి పెద్దలట. మన ఊళ్ళో ఆ దీవివాడెవడూ లేడే!"

"ఎవడైతే ఏంలే."

"ఏంలే ఏంటి? నాలుగు నెలలు హాయిగా తిని తిరిగి, ఇప్పుడు చాప కప్పుకుని వచ్చాడు. నువ్వు ఊఁ అనక్కా, చాలు."

"కత్తి లోపల పెట్టు."

"ఫెతు మొహం మర్చిపోయావా?"

"దానికోసమేరా. వీణ్ణి నరికితే పాస్టరుగారు చెప్పిందంతా గాలికి పోయినట్టే. అప్పుడు నా పిల్ల ఉత్తపుణ్యానికి చచ్చిపోయినట్టు. అలా అనుకుని నేను బతకలేను."

సేఫో పళ్ళు నూరుకుంటూ కత్తి గుమ్మంలో పడేశాడు.

లంగి మెట్లు దిగింది. దేవుడు పెట్టిన పరీక్ష ఇదేననుకుంది, పిచ్చితల్లి. చాప కింద మనిషి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఆమెకు జాలి కూడా వేసింది.

"లే నాయనా, క్షమించాను" అంటూ చాప ఎత్తిన లంగికి పాస్టరుగారి ముఖం కనపడింది.