ముందుకు పోనివ్వని క్లిక్

ఆఫీసులో చివరికి ఆమె ఒక్కతే మిగిలింది. ఊరి పటం చూపించే సాఫ్ట్‌వేర్‌కి ప్లగిన్ అనే చిన్న అదనపు ప్రోగ్రామ్ రాస్తోంది. పటం మీద క్లిక్ పడగానే, అది సాఫ్ట్‌వేర్‌ని చేరేలోపే ప్లగిన్ పట్టుకోవాలి. ప్రస్తుతానికి పట్టిన చోట ఎర్రచుక్క పెట్టి, క్లిక్‌ని ముందుకు పంపేస్తోంది.

ఆమె మౌస్ వదిలి ఒళ్లు విరుచుకుంది. టక్‌మని క్లిక్ వినిపించింది. చెల్లెలి వీధి మొదట్లో ఉన్న మందుల షాపు మీద ఎర్రచుక్క పడింది. కాసేపటికే చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, మందుల షాపు నుజ్జునుజ్జయిపోయింది! పైనుంచి ఎవరో గుద్దినట్టు కూలిపోయింది. లోపల మనుషులున్నారు, ఒకటే కేకలు!"

టక్. చెల్లెలి పక్కింటి మీద మరో చుక్క. ఫోన్లో గోడలు విరిగిన చప్పుడు, వెంటనే ఓ అరుపు. అది సగంలోనే తెగిపోయింది. మౌస్ బాణం దానంతటదే జరిగి చెల్లెలి ఇంటి మీద ఆగింది.

"పాపని ఎత్తుకుని బయటికి పరిగెత్తు!" అని అరుస్తూనే ఆమె ప్లగిన్‌లో ఒక్క వరుస మార్చింది. ఇక ఏ క్లిక్కూ ముందుకు పోదు.

టక్.

ఫోన్లో నిశ్శబ్దం. "ఆగిపోయిందక్కా," అంది చెల్లెలు ఏడుస్తూ.

ఆమె ఊపిరి పీల్చుకోబోయింది. బల్ల మీదున్న ఎడమచెయ్యి పటపటమని విరిగింది. ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చింది. గదిలో ఎవరూ లేరు. ముందుకు పోనివ్వని దెబ్బ తన మీదే పడింది.

"అక్కా, ఏంటా చప్పుడు?"

"ఏం లేదు. నువ్వు పరిగెత్తు."

ప్లగిన్ ఆపి క్లిక్‌లని మళ్లీ ముందుకు వదిలే బటన్ కుడిచేతికి అందేంత దగ్గరలోనే ఉంది. ఆమె ఆ చేతిని ఒళ్లోకి తీసుకుని పళ్లు బిగించింది.

టక్.